జెండా సారు కట్టిన ముడి

కోదాడలో మా ఇంటి ముందరి చౌరస్తాలో ఐదు జెండా గద్దెలున్నాయి. గద్దె అంటే నాలుగు మెట్ల సిమెంటు దిమ్మె. దాని నడుమ ఇనుప గొట్టం, గొట్టం కొసకు గిలక, గిలక మీదుగా తాడు. పార్టీకి ఒకటి చొప్పున కట్టుకున్నారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు వాటి మీద జెండా ఎగురుతుంది. మిగతా రోజుల్లో అవి ఏం చేస్తాయని ఎవరైనా అడిగితే నేను చెప్పగలను, ఎందుకంటే రోజూ పొద్దున చాయ్ తాగుతూ నేను చూసేది వాటినే. మొదటి గొట్టానికి కేబుల్ టీవీ తీగ చుట్టుకుని ఉంది. రెండోదానికి అరటిపండ్లామె తన గొడుగు కట్టుకుంటుంది. మూడోది ఆర్ఎంపీ డాక్టరు గది ముందుంది. జ్వరాల కాలంలో లోపల మంచాలు నిండిపోతే ఆయన రోగిని గద్దె మెట్ల మీద కూర్చోబెట్టి, సెలైన్ సీసా గొట్టానికి వేలాడదీస్తాడు. ఆ పార్టీ వల్ల జనానికి జరిగిన మేలు నేను కళ్లారా చూసింది అదొక్కటే. ఐదోది మా చిరునామా. కొరియర్ వాళ్లు ఫోన్ చేస్తే "ఐదో గద్దె ఎదురుంగ" అంటే చాలు, గుమ్మంలోకి వస్తారు.

నాలుగోదాని సంగతి వేరు. దాన్ని గోరుతో గీకితే ఒక రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు వస్తాయి. కట్టించిన నాయకుడు మాత్రం ఒక్కడే. ఆయన పార్టీ మారినప్పుడల్లా గద్దె కూడా ఆయనతో పాటు మారింది. కొత్త గద్దె కట్టాలంటే చౌరస్తాలో జాగా లేదు మరి! పెయింటరు వచ్చి పాత రంగు మీదే కొత్త రంగు కొట్టిపోతాడు. ఇప్పుడు చెప్పబోయే గొడవలో ఈ నాయకుడు ఉన్నాడు, నేనున్నాను, మా బడిలో ఊడ్చే ఒక ఆయమ్మ ఉంది.

నేను డ్రిల్లు మాస్టారుని. పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పడం నా ఉద్యోగం. కానీ సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా, అక్కడి నుంచి కోదాడ దాకా నన్ను ఎవరూ ఆటల వల్ల గుర్తుపట్టరు. "జెండా సారు" అంటారు. సూర్యాపేటలో చదువుకునే రోజుల్లో మా డ్రిల్లు సారు నాకు జెండా కట్టడం నేర్పాడు. జెండాను మడతలు పెట్టి, మధ్యలో పూలరేకులు పోసి, పొట్లం చుట్టి, తాడుతో ఒక జారుముడి వేసి గొట్టం పైకి పంపాలి. కింద నుంచి పెద్దమనిషి తాడు గుంజితే ముడి జారాలి, జెండా విచ్చుకోవాలి, పూలు ఆయన నెత్తిన పడాలి. ఇంతే విద్య. కానీ ముడి మరీ వదులైతే జెండా పైకి పోతూ పోతూ దారిలోనే తెరుచుకుంటుంది. మరీ బిగువైతే అసలు తెరుచుకోదు. ఈ రెండింటి నడుమ ఉన్న బిగువు నా వేళ్లకు తెలుసునని నాకు మహా గర్వం.

మొదటి ఉద్యోగం మిర్యాలగూడలో. అక్కడ ఒక రైస్ మిల్లు సేటు వాళ్ల సంఘం జెండా కట్టడానికి నాకోసం కారు పంపాడు. పూలతో పాటు గుప్పెడు వడ్లు కూడా కలిపి కట్టమన్నాడు, లక్ష్మి అట. వద్దు సేటూ అన్నా వినలేదు. తాడు గుంజిన పెద్ద ఆఫీసరు నోరు తెరుచుకుని పైకే చూస్తున్నాడు. వడ్లన్నీ నేరుగా నోట్లోకే పోయాయి. ఆయన ఉమ్మలేక, మింగలేక, సెల్యూట్ దించలేక నిలబడ్డ తీరు నాకిప్పటికీ గుర్తే. అయినా జెండా తెరుచుకుంది కాబట్టి నా పేరు మోగిపోయింది. ఆ తర్వాత అన్ని పార్టీల వాళ్లు, అన్ని కుల సంఘాల వాళ్లు, ఆటో యూనియన్ వాళ్లు నన్నే పిలిచేవాళ్లు. ఎవరి జెండా అని నేను అడగలేదు. నాకు పార్టీ లేదు, ముడి ఉంది.

నాయకులకు ఎన్నికల్లో ఓడిపోవడమంటే పెద్ద భయమేం లేదు. ఓడితే పార్టీ మారొచ్చు. వాళ్ల అసలు భయం జెండా తెరుచుకోకపోవడం. నలుగురిలో తాడు పట్టుకుని గుంజుతూ నిలబడితే ఏ పార్టీలోకి పోగలడు? అందుకే నన్ను నెత్తిన పెట్టుకునేవాళ్లు. నేనూ ఆ నెత్తి మీద హాయిగా కూర్చున్నాను.

బదిలీల మీద చివరికి కోదాడ పక్కన ఒక హైస్కూలుకు వచ్చాను. అక్కడే ఆయమ్మ. అంతకు ముందు ఆమె మిర్యాలగూడ మిల్లుల్లో ఊక ఎత్తేది. ఊక దుమ్ముకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు "మళ్లా మిల్లు గడప తొక్కినవంటె నీ ఊపిరితిత్తులకు నాది జిమ్మా కాదు" అన్నాడట. ఎవరి కాళ్లో వేళ్లో పట్టుకుని మా బడిలో ఊడ్చే పనికి కుదిరింది. కాగితం లేని కొలువు. హెడ్మాస్టరు గారు నోటిమాటతో పెట్టుకున్నారు, నోటిమాటతో తీసెయ్యొచ్చు. బడి ఊడవడం, గంట కొట్టడం, జెండా గద్దెకు సున్నం వెయ్యడం, గిలకకు నూనె పెట్టడం ఆమె పనులు. నేను జెండా కట్టే ప్రతిసారీ పక్కన నిలబడి పూలపళ్లెం పట్టుకునేది. నా వేళ్లనే చూసేది. నేను దాన్ని భక్తి అనుకున్నాను.

ఆ ఏడు పంద్రాగస్టుకు ముఖ్య అతిథి మా నాలుగో గద్దె నాయకుడు. ముందు రోజే బడికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, పోయినేడు పక్కూరి బడిల అవతలి పార్టీవోని నెత్తిన ఎన్ని పూలు పడ్డయో వీడియోల సూసిన్రా? ఈసారి అంతకు డబల్ పడాలె. నేను కూడ వీడియో తీపిస్తున్న. జర సూడుండ్రి."

"మీరు పరేషాన్ కావొద్దు. పూల వాన కురిపిస్తా" అన్నాను.

తెల్లారుజామున సన్నగా జల్లు పడింది. నేను బడికి వచ్చేసరికి తాడు తడిసి ఉంది. పళ్లెంలో బంతిరేకులు, గులాబీరేకులు గుట్టగా ఉన్నాయి, అవీ తడివే. అన్నీ జెండాలో పోసి చుట్టేసరికి పొట్లం పొట్ట పగిలేలా ఉబ్బింది. మామూలు ముడికి ఆగేలా లేదు. అందుకని తాడు ఇంకో చుట్టు తిప్పి, ముడి మీద ముడి వేశాను. ఆయమ్మ ఊరుకోలేకపోయింది.

"సారూ, గిన్ని పూలు వద్దు. తాడు తడిసింది. ఆరేకొద్ది ముడి బిగుసుకుంటది. రొండు గుప్పిళ్లు తీసెయ్యుండ్రి."

"ఇన్నేండ్ల సంది జెండాలు కడుతున్న. నాకు నేర్పుతున్నవా? పో, పోయి కుర్చీలు తుడువు" అని కసిరాను. ఆమె గుడ్డ పట్టుకుని కుర్చీల వైపు వెళ్లింది.

ఎండ వచ్చింది. తాడు ఆరింది. నాయకుడు తెల్ల బట్టల్లో వచ్చి, కెమెరా ఎటుందో చూసుకుని తాడు గుంజాడు. జెండా తెరుచుకోలేదు. రెండోసారి గుంజాడు. గొట్టం ఊగింది తప్ప జెండా కదల్లేదు. మా బడిలో ఒక అలవాటుంది. తాడు కదిలిందంటే చాలు, ఆడపిల్లలు జనగణమన ఎత్తుకుంటారు. ఎత్తుకున్నాక మధ్యలో ఆపకూడదు, ఎవరూ కదలకూడదు. అందరం ఉబ్బిన పొట్లానికి సెల్యూట్ కొట్టి నిలబడ్డాం. నాయకుడు ఒక చేత్తో సెల్యూట్ కొడుతూ రెండో చేత్తో తాడు దొంగతనంగా గుంజుతూనే ఉన్నాడు. వీడియో తీసేవాడు మాత్రం ఆపలేదు. ఇలాంటివి రోజూ దొరుకుతాయా పాపం!

పాట అయ్యాక పొట్లం కిందికి దించి, నేనే గోళ్లతో పీకి ముడి విప్పాను. పూలు తడిముద్దలా గద్దె మీద పడ్డాయి. జెండాను మామూలుగా కట్టి పైకి పంపాం. అది చక్కగా ఎగిరింది. నాయకుడి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఎట్లయింది గిది?" అన్నాడు. అందరి చూపులూ నా మీదికి తిరిగాయి. నేను నోరు తెరవబోయాను. అంతలో ఆయనే, "సారు కట్టినంక తెరుసుకోకపోవుడేంది? సారు ముడి ఎన్నడన్న ఫెయిలయ్యిందా? గిలక పట్టేసి ఉంటది. గిలక ఎవలు సూస్తరు గీడ?" అన్నాడు.

"ఆయమ్మ చూస్తుందండీ" అన్నారు హెడ్మాస్టరు గారు.

నేను నోరు మూసుకున్నాను. దీనికి సాకులు చాలా ఉన్నాయి. ఫోన్లు నా వైపే తిరిగి ఉన్నాయి, పిల్లలు చూస్తున్నారు, ఇన్నేళ్ల పేరు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవే. ఉన్నమాట చెప్పాలంటే నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు నాకు ఆమె కొలువు కంటే పెద్దదిగా కనిపించింది. ఆయమ్మ పూలపళ్లెం పట్టుకుని నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుని పిల్లలకు చాక్లెట్లు పంచడానికి పోయాను.

ఆ సాయంత్రమే ఆమెను రేపటి నుంచి రావొద్దన్నారట. రెండు రోజుల తర్వాత బడి ఆవరణలో చెత్త చూసి అడిగితే నాకు తెలిసింది. నేరుగా హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాను.

"తప్పు నాదండీ. ముడి మీద ముడి వేసింది నేను. ఆమె వద్దని చెప్పింది కూడా. గిలకలో ఏ లోపమూ లేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాస్టారూ, మీరు దేవుడండీ. బీదమనిషి కోసం మీ మీద వేసుకుంటున్నారు. కానీ నేనేం చెయ్యను? పైనుంచి మాట వచ్చింది. ఆ నాయకుణ్ణి అడగండి."

నాయకుడి ఇంటికి వెళ్లాను. మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాను. ఆయన సాంతం విన్నాడు. లేచి లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో శాలువా ఉంది.

"గిసొంటి మనసు ఈ కాలంల ఎవలికి ఉంటది సారూ!" అని నాకు శాలువా కప్పి, ఫోటో తీయించి, స్టేటస్ పెట్టుకున్నాడు. నా కర్మ! తప్పు ఒప్పుకోవడానికి పోయి సన్మానం చేయించుకుని వచ్చాను.

ఇలా కాదని, రుజువు చేసి చూపిస్తానన్నాను. ఒక శనివారం మధ్యాహ్నం టీచర్లందరినీ గొట్టం దగ్గరికి పిలిచాను. జెండాతో ఆడుకోకూడదు కాబట్టి ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చాను. తాడు బకెట్లో ముంచాను. అన్ని పూలూ పోశాను. అదే చుట్టు, అదే ముడి మీద ముడి. ఎండలో ఆరనిచ్చాను. "ఇప్పుడు గుంజండి, తెరుచుకుంటే చెవి కోసుకుంటా" అన్నాను. హెడ్మాస్టరు గారు రెండు వేళ్లతో గుంజారు. దుప్పటి ఠక్కున విచ్చుకుంది. పూలన్నీ ఆయన నెత్తి మీద, భుజాల మీద జలజలా రాలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. లెక్కల టీచరమ్మ "సారు కావాలన్నా తప్పు చెయ్యలేరు" అంది. నా చెవి నేను పట్టుకుని చూసుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాను. వాకబు చేస్తే ఆమె దొరికింది, అనుకున్నట్టే ఒక మిల్లులో. ముక్కుకూ నోటికీ గుడ్డ చుట్టుకుని ఊక గంపకెత్తుతోంది. నన్ను చూసి గంప దించింది. గుడ్డ విప్పగానే దగ్గు మొదలైంది, చాలాసేపు ఆగలేదు. ఆ దగ్గు ఆగేదాకా నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్షమించమ్మా అన్నాను. హెడ్మాస్టరు సంగతి, శాలువా సంగతి, దుప్పటి సంగతి చెప్పాను. దుప్పటి దగ్గర ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే మళ్లీ దగ్గొచ్చింది.

"ఇయ్యన్నీ ఎందుకు సారూ? ఆ పొద్దు ఆడ ఒక్క మాట అంటె అయిపోతుండె. ఇప్పుడు ఎన్ని చెప్తె ఏం ఫాయిద?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కోదాడ దాకా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను.

ఆ రోజు నుంచి ఒక ఒట్టు పెట్టుకున్నాను. ఆమె బడికి తిరిగి వచ్చేదాకా ఎవరి జెండాకూ ముడి వెయ్యను. పిలవడానికి వచ్చిన వాళ్లకు చేతి వేళ్లు నొప్పన్నాను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. అంతలో సర్పంచు ఎన్నికలు వచ్చాయి, ఊరూరా జెండా పండుగలు మొదలయ్యాయి. హుజూర్‌నగర్ వైపు ఒక ఊళ్లో జెండా తలకిందులుగా తెరుచుకుంది. ఇంకో ఊళ్లో తాడు గిలకలోంచి జారి నాయకుడి మెడలో పడింది. సూర్యాపేటలో ఒకాయన గుంజిన గుంజుడుకు గొట్టమే పక్కకు ఒరిగింది, జనం పరుగో పరుగు. వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. ఏ పార్టీ వాళ్లు నవ్వులపాలైతే ఎదుటి పార్టీ వాళ్లు వాటికి పాటలు కలిపి పంపుకున్నారు.

మా నాలుగో గద్దె నాయకుడు అప్పటికి మళ్లీ పార్టీ మారాడు. గద్దెకు కొత్త రంగు పడింది. రాజధాని నుంచి పెద్ద నాయకుడు వచ్చి జెండా ఎగరేస్తాడని చౌరస్తా అంతా ఫ్లెక్సీలు కట్టారు. రెండు రోజుల ముందు ఆయన మా ఇంటికి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. ఈ ఒక్కటి కట్టుండ్రి. పంద్రాగస్టు వీడియో ఇంకా జనం మరువలేదు. ఇది కూడ గట్లయితె నా బతుకు ఖతం."

"వేళ్లు నొప్పి" అన్నాను.

"ఏం చేస్తె తగ్గుతది సారూ?"

"మా బడి ఆయమ్మ మళ్లీ గంట కొడితే తగ్గుతుంది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "గింతేనా? ఆమె కోసమా ఇన్ని దినాల సంది?" అంటూ అక్కడే ఫోన్ తీసి హెడ్మాస్టరు గారికి కలిపాడు. నా ముందరి చాయ్ చల్లారక ముందే పని అయిపోయింది. నా నిజంతో కానిది ఆయన భయంతో అయింది. మర్నాడు ఆయమ్మ బడిలో గంట కొట్టాకే ఆయన గద్దె జెండా కట్టాను. తెరుచుకుంది. చప్పట్లు మోగుతుంటే నాకు వంట్లో కంపరమెత్తింది.

జనవరి ఇరవై ఆరు పొద్దున బడికి వెళ్లేసరికి ఆవరణ అద్దంలా ఉంది. ఆయమ్మ అప్పటికే తాడు దించి, అన్నం వండే పొయ్యి పక్కన ఆరబెట్టి తెచ్చింది. గిలకకు నూనె పెట్టింది. నేను జెండా తీసుకుని గొట్టం దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇటియ్యుండ్రి సారూ. మీ ముడి మీద నాకు నమ్మకం లేదు."

ఇచ్చేశాను. ఆమె మడత పెట్టిన తీరు, రెండు గుప్పిళ్ల రేకులు పోసిన తీరు, ఒక్క చుట్టు తిప్పి ముడి దూర్చిన తీరు చూస్తుంటే, ఇన్నేళ్లూ నా పక్కన నిలబడి నా వేళ్ల తప్పులన్నీ లెక్కపెట్టుకుందని అర్థమైంది. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజూ అతిథి ఆ నాయకుడే. భయం భయంగా రెండు వేళ్లతో తాడు ముట్టుకున్నాడు. జెండా విచ్చుకుంది.

"సారు చెయ్యి పడితె గట్లుంటది!" అన్నాడు మైకులో.

నేను ముందుకు వెళ్లి ఆ మైకు అడిగి తీసుకున్నాను. "ఇది నేను కట్టలేదు. ఆయమ్మ కట్టింది. పంద్రాగస్టు నాడు తెరుచుకోనిది నేను కట్టింది. ఆమె వద్దన్నా వినకుండా కట్టాను. ఆ రోజు నోరు మూసుకుని ఆమె కొలువు తీయించాను" అన్నాను.

ఆ వెంటనే అందరూ ఒకటే చప్పట్లు. నాయకుడు నన్ను కౌగిలించుకుని "సారుది ఎంత పెద్ద మనసు!" అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. హెడ్మాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. అంతమందిలో ఒక్కరు కూడా నా మాట నమ్మలేదు.

చాక్లెట్లు పంచడం అయ్యాక గొట్టం దగ్గర ఒక్కణ్ణే నిలబడ్డాను. ఆయమ్మ చీపురు పట్టుకుని రేకులు ఊడవడానికి వచ్చింది. నా వైపు చూడకుండానే అంది:

"నేను నమ్మిన సారూ. మీరు ముడి మీద ముడి ఏస్తుంటె సూసింది నేనే గద."

"అవునమ్మా" అన్నాను.

"జర జరుగుండ్రి. మీ కాళ్ల కింద ఊడ్వాలె" అంది.